నడుం కొలిచే టేపు

పోయిన సంక్రాంతికి దాచేపల్లి వెళ్ళినప్పుడు, నేను బ్యాగు కింద పెట్టకముందే అమ్మ ఒక వార్త చెప్పింది.

"క్లినిక్కుకి పోతే ఆ నర్సమ్మాయి నడుం కొల్చిందిరా. టైలరు టేపుతో. తొంభై నాలుగంట."

"కొల్చి ఏమంది?"

"పుస్తకంలో రాసుకుంది. అన్నం తగ్గించు పెద్దమ్మా అంది."

"తగ్గించావా?"

"అన్నం తగ్గించి ఏం తినాలో చెప్పలా."

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. నేను డాక్టర్ని కాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడు చదివిన పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకునేవాణ్ణి. ఈ విషయం జోలికి రావడానికి కారణం మా నాన్న. 2016లో, యాభై ఏడేళ్ళకి, గుండెపోటుతో పోయారు. అంతకు రెండేళ్ళ ముందు ఆరోగ్యశ్రీ కార్డు మీద ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టెంటు వేశారు. ఆయన గుండె మీద ప్రభుత్వం అంత ఖర్చు పెట్టింది గానీ, పది ఇరవై రూపాయల టేపుతో ఆయన నడుం మాత్రం ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. అందుకే అమ్మ చెప్పింది విని ముందు సంతోషం వేసింది. ఇన్నాళ్ళకి ఒకరు కొలిచారు. ఆ తర్వాత అనిపించింది, కొలవడం నేర్చుకున్న క్లినిక్కుకి ఆ తర్వాతి మాట ఎందుకు తెలియలేదు అని. ఆ నర్సమ్మాయి తప్పు కాదది. ఆమె చేతికి టేపు రావడానికే చాలా కాలం పట్టింది. ఆ కాలం సంగతే ఈ వ్యాసం.

జొన్న తిన్న నేల

పల్నాడు తిండి గురించి మాట్లాడేవాళ్ళు శ్రీనాథుడి దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగిన కవి, పల్నాడు వచ్చి ఎక్కడ చూసినా జొన్నేనని, సన్నబియ్యం దొరకదని వాపోయాడట. ఆయన పేరున ప్రచారంలో ఉన్న చాటువుల్లో ఏవి నిజంగా ఆయనవి అన్నదాని మీద పండితులకు అనుమానాలున్నాయి. ఎవరు రాసినా అవి అతిథి రాసిన సమీక్షలు. వండి పెట్టిన మనిషి ఏమనుకుందో మనకు రాసి పెట్టినవాళ్ళు లేరు.

వండి పెట్టిన మనిషిని ఒకరిని నేను చూశాను, మా నాయనమ్మ. పచ్చజొన్నలు రోట్లో దంచి, చెరిగి, కుండలో వండేది. చల్లారితే గట్టిపడేది, పచ్చిపులుసో గోంగూరో ఉంటే తప్ప గొంతు దిగేది కాదు. వరన్నం పండక్కి. తర్వాత రోజుల్లో హైదరాబాదు నుంచి సిరిధాన్యాల పాకెట్టు పట్టుకెళితే నన్ను ఎగాదిగా చూసింది. "దీని నుంచి బయటపడేదానికే గదరా మీ నాయన్ని చదివించింది" అంది.

జొన్న తిన్న రోజులే మంచివి అనేసే ముందు ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. పెల్లాగ్రా అని ఒక జబ్బు ఉంది. చర్మం ఎండ తగిలిన చోటల్లా నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలవుతాయి, ముదిరితే మతి తప్పుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల అది మొక్కజొన్న మీదే బతికే పేదల జబ్బు. దక్కనులో మాత్రం జొన్న తినేవాళ్ళలో కనపడింది. హైదరాబాదు పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠియా 1960లో లాన్సెట్ పత్రికలో దీని మీద రాశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థం కారణం కావచ్చన్నారు. ఆ వాదం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. చర్చ ఎలా ఉన్నా, ఒకే ధాన్యం మీద బతకాల్సి రావడం ఆరోగ్యం కాదు, పేదరికం. అప్పుడది జొన్న. ఇప్పుడది బియ్యం.

కాలువ, కార్డు

బియ్యం ఎప్పుడొచ్చాయి? నాగార్జునసాగర్‌కి నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ, అంటే జవహర్ కాలువ, పల్నాడు మీదుగా కిందికి పోతుంది. నీళ్ళు అందరి పొలాలకూ అందలేదు, ఇప్పటికీ మా వైపు మెట్ట ఎక్కువే. కానీ బియ్యానికి కాలువ ఒక్కటే దారి కాదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పొలానికి నీళ్ళు రాని ఇంటికి కూడా కార్డు మీద బియ్యం వచ్చాయి. 1986లో బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204 విడుదలైంది. సాంబ మసూరి అని, బీపీటీలని మనం అనుకునేవి అవే. శ్రీనాథుడు దొరకలేదన్న సన్నబియ్యం చివరికి గుంటూరు జిల్లాలోనే పుట్టి పల్నాటి పొయ్యి మీదికి చేరాయి.

మా అమ్మ 1964లో పుట్టింది. కాలువకి నీళ్ళొచ్చేనాటికి మూడేళ్ళు, రెండు రూపాయల బియ్యం నాటికి పంతొమ్మిది. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, చిన్నతనంలోనూ అరకొర తిండి. పెళ్ళయ్యాక మూడు పూటలా తెల్లన్నం. ఈ వరస ముఖ్యం. పుట్టకముందూ పసితనంలోనూ తిండి తక్కువైన ఒళ్ళు ఆ తక్కువకే తయారై ఉంటుందని, తర్వాత తిండి పెరిగితే తట్టుకోలేక షుగరుకీ గుండెజబ్బుకీ దారితీస్తుందని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ వాదించాడు. దీనికి దగ్గరి సాక్ష్యం హైదరాబాదు పక్క పల్లెల్లోనే దొరికింది. 1987 నుంచి 1990 వరకు అక్కడ 29 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. కొన్ని గ్రామాల్లో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అంగన్‌వాడీ ద్వారా అదనంగా తిండి పెట్టారు, మిగతా గ్రామాలకి అప్పటికింకా ఆ పథకం చేరలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో ఉండగా మళ్ళీ చూస్తే, అదనపు తిండి అందిన ఊళ్ళ పిల్లలు కొంచెం పొడుగ్గా ఉన్నారు, వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. చిన్నప్పుడు కడుపు నిండా తింటే పెద్దయ్యాక షుగరు వస్తుందని కాదు, దానికి ఉల్టా.

ఇంతకీ బరువు తూచే మిషను ఉండగా టేపు ఎందుకంటే, మనవాళ్ళ విషయంలో మిషను అబద్ధం చెబుతుంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఫోటో ఒకటి వేసుకున్నారు. ఇద్దరి బీఎమ్‌ఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి నూటికి 9.1, యాజ్ఞిక్‌కి 21.2. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. అందుకే మనకు బీఎమ్‌ఐ 23 దాటితేనే అధిక బరువు అంటున్నారు, ఆడవాళ్ళకి నడుం 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటున్నారు. "మా అబ్బాయి బక్కపల్చనే, కాస్త పొట్టొచ్చిందంతే" అంటాం గదా, అసలు సంగతి ఆ "అంతే"లో ఉంది.

ఆకలికోసం కట్టిన ఆస్పత్రి

ఇప్పుడు ఆస్పత్రి వైపు నుంచి చూద్దాం. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నక్షా గీసింది సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన కూర్చున్న కమిటీ. 1943లో వేశారు, 1946లో నివేదిక ఇచ్చింది. నలభై వేల మందికి ఒక ఆరోగ్య కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు, ఊళ్ళు తిరిగే నర్సులు, మంత్రసానులు అని తక్షణ ప్రణాళికలో రాశారు. డాక్టరు అంటే జబ్బు వచ్చాక మందిచ్చేవాడు మాత్రమే కాదు, జనం ఎలా బతుకుతున్నారో తెలిసిన సామాజిక వైద్యుడు కావాలన్నారు. ఇల్లు, నీళ్ళు, తిండి, పని, అన్నీ వైద్యంలో భాగమే ఆ నివేదిక దృష్టిలో. ఈ రోజుల్లో మనం జీవనశైలి అంటున్నది దానికి కొత్త మాటేమీ కాదు.

ఆ నక్షా ప్రకారం ఇల్లు కట్టారా అంటే, పునాది వేశారు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది, బ్లాకుకొక ఆరోగ్య కేంద్రం చొప్పున పెట్టుకుంటూ వచ్చారు. తర్వాత ఆ కేంద్రంలోకి ఉద్యమాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. మలేరియా, మశూచి, కుటుంబ నియంత్రణ, టీకాలు, పల్స్ పోలియో. ఇవి చిన్న విజయాలు కావు. మశూచి 1975లో ఈ దేశం వదిలి పోయింది, పోలియో కూడా పోయింది. కానీ వీటన్నిటికీ ఒక స్వభావం ఉంది. టీకా వేస్తే ఆ పని అయిపోతుంది. ఆపరేషన్ చేస్తే లెక్కలో పడుతుంది. ఎన్ని వేశారు, ఎన్ని చేశారు అన్నదే పని. మా ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే సర్కారు ఆస్పత్రి అంటే సూది, క్యాంపు, బిళ్ళలు అంటారు. ఎవరూ "మాటలు" అనరు.

నా ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఆ వ్యవస్థ లావాదేవీల కోసం రాసిన ప్రోగ్రాము. ఒక ఎంట్రీ, ఒక ముగింపు. నడుం సంగతి అలా ముగిసేది కాదు. ఒకే మనిషి దగ్గరికి పది పన్నెండుసార్లు తిరగాలి, ఆమె పొయ్యి మీద ఏముందో తెలియాలి, పోయిన నెల ఏమనుకున్నారో గుర్తుండాలి. ఆకలినీ అంటురోగాన్నీ ఎదుర్కోవడానికి కట్టిన ఆస్పత్రికి ఈ పని ఎవరూ నేర్పలేదు.

జబ్బు మారింది, ఎవరికీ చెప్పలేదు

పల్లెటూళ్ళలో జనం దేనితో పోతున్నారన్నది చాలాకాలం ఊహే. సరైన లెక్క ఒకటి మన రాష్ట్రం నుంచే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే బృందం ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, పోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఎలా పోయారో ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకుంది. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. దాదాపు మూడింట ఒక వంతు చావులకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులు. అంటురోగాల వాటా అందులో సగం కూడా లేదు. పట్నం జబ్బు అనుకున్నది పల్లెలో ఎప్పుడో కాపురం పెట్టేసింది.

ఆ మరుసటి ఏడాది, 2007లో, ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడికి కార్పొరేట్ ఆస్పత్రిలో గుండె ఆపరేషను. మా ఇంట్లో దాని మేలు పొందిన మనిషి ఉన్నాడు కాబట్టి నేను దాన్ని తేలిగ్గా మాట్లాడను. నాన్నకి ఆ రెండేళ్ళు ఆ కార్డు ఇచ్చినవే. కానీ చరిత్రగా చూస్తే వరస విచిత్రంగా ఉంది. పూడుకుపోయిన నాళానికి డబ్బు కట్టే ఏర్పాటు ముందు వచ్చింది, పూడకుండా చూసే ఏర్పాటు వెనక పడింది. నాన్న డిశ్చార్జి కాగితం మీద చివర్న ఒక ముద్ర వేసి ఉంది, ఉప్పు, కొవ్వు తగ్గించమని, ఇంగ్లీషులో. ఆ ఒక్క లైనే ఆయనకు దొరికిన జీవనశైలి వైద్యం. ఆ లైను కింద మా ఇంట్లో ఆవకాయ జాడీ, మిరపకాయ బజ్జీలు, రేషను పామాయిలు పాకెట్టు మామూలుగానే ఉన్నాయి.

అదే కాలంలో 104 వ్యాను ఊళ్ళకి రావడం మొదలైంది. నెలకోసారి వచ్చి బీపీ, షుగరు చూసి బిళ్ళలిచ్చేది. పల్నాటి ముసలివాళ్ళకి బీపీ అనే మాట ఆ వ్యానే నేర్పిందని నా నమ్మకం. నిజమైన మేలు. కానీ అదీ బిళ్ళల వ్యానే. 2010లో కేంద్రం క్యాన్సర్, షుగర్, గుండెజబ్బు, పక్షవాతాల మీద జాతీయ కార్యక్రమం మొదట 100 జిల్లాల్లో ప్రారంభించింది. ఆరోగ్య కేంద్రంలో జీవనశైలి గురించి సలహా ఇవ్వాలన్న మాట అధికారికంగా రావడం అక్కడి నుంచి.

ఖాళీ ఎవరు పూరించారు

ఆస్పత్రి మాట్లాడకపోతే జనం మాట్లాడేవాళ్ళ దగ్గరికి పోతారు. మన తెలుగువాళ్ళు బరువు గురించి విన్నదంతా క్లినిక్కు బయటే విన్నారు. మంతెన సత్యనారాయణ రాజు టీవీలో ఉప్పూ నూనే లేని వంటలు చెబితే, మా వీధిలో కొన్నాళ్ళు పొద్దున్నే మొలకలు తిన్నారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ సభలకి జనం విరగబడ్డారు. నిమ్మకాయలకీ కొబ్బరినూనెకీ ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. ఖాదర్ వలీ చెప్పాక కొర్రలు, అరికలు మళ్ళీ దుకాణాలకెక్కాయి.

ఈ ముగ్గురూ చెప్పేవి ఒకదానికొకటి పొంతన లేనివి. ఒకరు కొవ్వు వద్దంటారు, ఒకరు కొవ్వే మందంటారు, ఇంకొకరు ధాన్యం మార్చమంటారు. వీళ్ళ వైద్యం ఎంతవరకు సరైందో తేల్చే చదువు నాకు లేదు. నా ఆసక్తి వేరు. వీళ్ళ దగ్గర ఉన్నది, క్లినిక్కు దగ్గర లేనిది ఏమిటి? వీళ్ళు పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం తినాలో, ఎలా వండాలో, మన వంటింటి మాటల్లో చెప్పారు. పక్కింటావిడా, చెల్లెలూ, తోడికోడలూ కలిసి మొదలుపెట్టే వీలు కల్పించారు. అమ్మ అడిగిన ప్రశ్నకి, అన్నం మానేస్తే ఏం తినాలి అన్నదానికి, తప్పో ఒప్పో జవాబిచ్చారు. పాటించడం మొదలుపెట్టాక ఒంట్లో ఏమైనా తేడా చేస్తే ఎవర్ని అడగాలన్నది మాత్రం టీవీ చెప్పదు. షుగరు బిళ్ళలు మానేసి పథ్యం పట్టినవాళ్ళని చూసే మనిషి ఊళ్ళో ఉండాలి. అది ప్రభుత్వ క్లినిక్కు చేయాల్సిన పని.

చెప్పడం పనిచేస్తుందా

పనిచేస్తుందనడానికి సాక్ష్యం ఉంది. పైగా అది మనలాంటి దేశాల్లోనే మొదలైంది. 1986లో చైనాలో దాచింగ్ అనే చమురు పట్టణంలో, షుగరు అంచున ఉన్న 577 మందిని తీసుకుని 33 క్లినిక్కుల వారీగా విడదీశారు. కొన్ని క్లినిక్కుల్లో తిండి గురించి, కొన్నిట్లో వ్యాయామం గురించి, కొన్నిట్లో రెండూ చెప్పారు. కొన్నిట్లో ఏమీ ప్రత్యేకంగా చేయలేదు. ఆరేళ్ళకి, ఏమీ చేయనివాళ్ళలో నూటికి 68 మందికి షుగరు వచ్చింది, మిగతా గుంపుల్లో 41 నుంచి 46 మందికి. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే, చెప్పించుకున్నవాళ్ళకి షుగరు దాదాపు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది, గుండెజబ్బు చావులు తగ్గాయి. అక్కడ చెప్పిందేమీ వింత పథ్యం కాదు. క్లినిక్కు వాళ్ళు పదేపదే పిలిచి చెప్పారు, అంతే.

మనకు దగ్గరగా, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. మూడేళ్ళలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో 39 శాతం. మెట్‌ఫార్మిన్ బిళ్ళ వాడినా ఫలితం దాదాపు అంతే. ఇందులో నన్ను ఆపేసింది ఇంకోటి. తిండి, నడక మార్చుకున్నవాళ్ళు చెప్పుకోదగ్గ బరువేమీ తగ్గలేదు. బరువు తగ్గకుండానే జబ్బు తగ్గింది. మిషను మీద అంకె కదల్లేదని నిరుత్సాహపడి మానేసేవాళ్ళందరికీ ఇది చెప్పాలి. అక్కడ కూడా వైద్యం ఏమిటంటే, నెలనెలా ఒక ఫోను, ఆరు నెలలకోసారి కలవడం.

అన్నీ గెలిచినవే కాదు. నా వృత్తికి తగిలే ఓటమి ఒకటుంది. పశ్చిమ గోదావరిలో 18 ఆరోగ్య కేంద్రాల పరిధిలో, ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి, గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్ళని గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం చేశారు. స్మార్ట్‌హెల్త్ ఇండియా అని పేరు. 2019లో ఫలితాలు వచ్చాయి. ముప్పు ఉన్నవాళ్ళని గుర్తించడం, పంపించడం బాగానే సాగింది. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ సంఖ్యలో మాత్రం ప్రయోగం జరిగిన కాలానికీ జరగని కాలానికీ తేడా తేలలేదు. సాఫ్ట్‌వేర్ తన పని చేసింది. దాని అవతల డాక్టరు తీరిక, మందుల సరఫరా, మళ్ళీ మళ్ళీ వచ్చి పలకరించే మనిషి కావాలి. వాటిని యాప్‌లో రాయలేం.

ఫారం చదవడం

2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లో జాంగ్లా అనే ఊళ్ళో తొలి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ తెరిచారు. ఉపకేంద్రాన్నే పెంచి, నర్సింగ్ చదివిన ఒక అధికారిని అందులో కూర్చోబెట్టడం ఆలోచన. ఆంధ్రలో అవే విలేజ్ హెల్త్ క్లినిక్కులయ్యాయి. 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించింది మా పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట నియోజకవర్గం లింగంగుంట్లలో. ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు డాక్టర్లుంటే ఒకరు 104 వ్యానుతో నెలకు రెండుసార్లు ఊరికి రావాలి. తర్వాత ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లు మారాయి. పేర్ల గొడవ పక్కన పెడితే, భోర్ కమిటీ అడిగిన ఇద్దరు డాక్టర్లలో ఒకరు ఊళ్ళోకి నడిచి రావడానికి 77 ఏళ్ళు పట్టింది.

అమ్మ నడుం కొలత ఎక్కింది ఈ ఏర్పాటులోని ఒక ఫారంలోకి. ముప్ఫై దాటిన ప్రతి మనిషికీ ఆశా నింపాల్సిన జాబితా అది, సీబాక్ అంటారు. నేను దాన్ని తెప్పించుకుని ఒక పుస్తకం చదివినట్టు చదివాను. వయసెంత. పొగ, గుట్కా ఉందా. మందు తాగుతారా. నడుం ఎంత. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు అలిసే పని చేస్తారా. ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా. ఒక్కోదానికి మార్కులు, నాలుగు దాటితే ముందుగా పరీక్షకి పంపాలి. మంచి ఫారం, క్లుప్తంగా ఉంది. ఊపిరితిత్తుల జబ్బు కోసం ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఏ పొయ్యి మీద వండుతారు, కట్టెలా, పిడకలా, గ్యాసా?

పొయ్యి ఏదని అడిగింది. పొయ్యి మీద ఏం ఉడుకుతోందని అడగలేదు.

ఫారాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అడిగితే ఏం లాభం అని రాసినవాళ్ళు అనుకుని ఉండొచ్చు. "అన్నం" అని జవాబొస్తే దాని పక్కన క్లినిక్కు ఏం చేయగలదు? మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం 2023 నుంచి పూర్తిగా ఉచితం. ఒక కౌంటరులో ప్రభుత్వం బియ్యం ఇస్తుంది, ఇంకో కౌంటరులో అన్నం తగ్గించమంటుంది. మధ్యలో నిలబడ్డ మనిషి మా అమ్మ. కందిపప్పు, కూరగాయలు, గుడ్లు బజారు ధరకి కొనుక్కోవాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ధాన్యం తగ్గించి పప్పులు, కూరలు పెంచమని చక్కగా రాశారు. అది పాటించడానికి జేబు కావాలి. రాయలసీమలో 2023లో కార్డు మీద బియ్యంలో కొంత వదులుకుంటే రాగులిచ్చే ఏర్పాటు మొదలుపెట్టారు. క్లినిక్కు చెప్పే మాటా రేషను షాపు ఇచ్చే సరుకూ ఒకే వైపు చూడటం నేను గమనించింది అక్కడొక్కచోటే.

ఇదంతా అమ్మ ఒక్కదాని సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో నూటికి 36 మంది అధిక బరువు లెక్కలోకి వచ్చారు. అదే సర్వేలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత. ఒంట్లో కొవ్వు ఎక్కువ, రక్తం తక్కువ. తిండి ఎక్కువై కాదు, ఒకే తిండి అయ్యి.

చాప

సన్నబియ్యం లేదని పల్నాటిని ఎగతాళి చేశాడంటున్న శ్రీనాథుడే పల్నాటి వీరచరిత్ర రాశాడు. అందులో అందరికీ గుర్తుండే సంగతి బ్రహ్మనాయుడి చాపకూడు. కులం చూడకుండా అందరూ ఒక చాప మీద కూర్చుని తినడం. మాకు దగ్గర్లోనే కారంపూడిలో కార్తీకంలో వీరుల ఉత్సవాలప్పుడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. తిండి ఒంటరి మనిషి ఇష్టం కాదని, ఊరి వ్యవహారమని మా నేలకి ఎప్పుడో తెలుసు. జీవనశైలి అన్న మాటలో నాకు నచ్చనిది అదే. అదేదో ఎవరికి వాళ్ళు ఎంచుకున్న చొక్కా రంగులాగా వినపడుతుంది. నాయనమ్మ జొన్నని ఎంచుకోలేదు, అమ్మ బియ్యాన్ని ఎంచుకోలేదు. నేను కుర్చీలో పది గంటలు కూర్చోవడాన్ని మాత్రం కొంచెం ఎంచుకున్నానేమో.

క్లినిక్కులో ఈ పని నిలబడాలంటే పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదని దాచింగ్, చెన్నై చెబుతున్నాయి. కొలిచిన మనిషే మూడు నెలలకి మళ్ళీ కొలవాలి. డ్వాక్రా సంఘాలు మన ఊళ్ళలో నెలనెలా కూర్చుంటున్నాయి, అప్పుల పుస్తకం పక్కన ఇంకో పేజీకి చోటుంది. అలాంటి తోటివాళ్ళ గుంపులతో కేరళలో చేసిన ప్రయత్నంలో షుగరు కొంత తగ్గినట్టు కనపడినా, తగ్గిందని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. కాబట్టి ఇది మంత్రం అనడం లేదు. అయినా మొదలుపెట్టడానికి, ఇంగ్లీషు ముద్ర వేసిన ఒక్క లైను కంటే అది చాలా నయం.

పండగ మూడో రోజు వంటింట్లో క్యాలెండరు చూశాను. పాల లెక్క రాసే గడుల్లో, నెల మొదటి తేదీ పక్కన పెన్సిలుతో 94 అని ఉంది. దాని కింద 93. టైలరు టేపు కుట్టుమిషను సొరుగులోంచి వచ్చి మేకుకి వేలాడుతోంది.

"క్లినిక్కు వాళ్ళు మళ్ళీ కొలిచారా?" అన్నాను.

"వాళ్ళేడొచ్చారు. నేనూ, పక్కింటి మీ పిన్నీ ఒకళ్ళకొకళ్ళం కొల్చుకుంటున్నాం. దానిది తొంభై ఏడు" అంది, గెలిచినట్టుగా.

"అన్నం?"

"మధ్యాన్నం ఒక పూట తింటన్నా. రాత్రికి జొన్నరొట్టె. మీ నాయనమ్మ చూస్తే తిట్టుద్ది."